మ్యూజియంలో రాయిని తట్టిన మా నాన్న

తొంభైల్లో... నేను బెంగళూరు బొమ్మనహళ్ళిలో నాలుగో తరగతి చదివేటప్పుడు, ఒకరోజు మమ్మల్నందర్నీ బస్సెక్కించి కబ్బన్ పార్కు పక్కనున్న ఎర్ర మ్యూజియానికి తీసుకెళ్ళారు. పిల్లల్ని కనిపెట్టుకోవడానికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు రావాలన్నారు మా మిస్. ఆ రోజు పని లేక ఖాళీగా ఉన్న మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది!

ఎందుకంటే... మా నాన్న వీధివీధి తిరిగి, అరిగిపోయిన రోళ్ళకు ఉలితో మళ్ళీ గంట్లు పెట్టేవాడు. కక్కు కొట్టడం అంటారు దాన్ని. నేనేమో క్లాసులో "మా నాన్న కంపెనీలో ఆఫీసరు" అని కోతలు కోసి పెట్టాను. బస్సులో పక్కపిల్ల "ఈయన ఎవరి నాన్నే?" అని అడిగితే, తెలియదనేశాను.

మ్యూజియంలో రాతి విగ్రహాల గదిలో మేం చేతులు కట్టుకుని వరసగా నడుస్తున్నాం... నాన్న ఒక విగ్రహం ముందు ఆగిపోయాడు. వేలి కణుపుతో టక్ టక్‌మని తట్టి, చెవి దగ్గరగా పెట్టాడు. ఎవరైనా కొత్త రోలు కొంటే రాయి చూసిపెట్టేటప్పుడు ఆయన చేసేది అదే.

"ఏయ్, ముట్టబేడప్పా!" అని కాపలా ఆయన ముట్టుకోవద్దంటూ కన్నడంలో కేకేశాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. నేను తల దించుకున్నాను.

"తప్పయిపాయ సామీ... రాయిని చూస్తే చెయ్యి ఊరుకుండదు," అన్నాడు నాన్న.

మిస్ కోప్పడుతుందనుకున్నా. ఆవిడ మాత్రం "ఎందుకు తట్టినారప్పా?" అని అడిగింది.

"మంచి రాయి గంట మాదిరి పలుకుతాదమ్మా. లోపల నెర్రె ఉంటే ఓటి కుండ మాదిరి అంటాది. ఇది ఓటిగా పలికింది. ఈ ఎడమ చెయ్యి చూడండి, సగం చెక్కి వదిలేసినాడు. ఇంకో దెబ్బ ఏసింటే చెయ్యి ఊడిపోయుండు. అది తెలిసే ఉలి కింద పెట్టినాడు. బో పనిమంతుడు!"

అందరం మెడలు చాపి చూశాం. నిజమే... మోచేతి దగ్గర వెంట్రుకంత గీత! పక్కనున్న బోర్డులో ఈ ముక్క ఎక్కడా లేదు. కేకేసిన కాపలా ఆయనే దగ్గరికొచ్చి, ఈసారి తెలుగులో, "ఇన్నేండ్లుగా ఇక్కడే ఉండాను, నాకీ సంగతే తెలీదు. ఆ పక్కది కూడా చూసి చెప్పప్పా... తట్టొద్దు మళ్ళీ!" అన్నాడు.

ఇంక చూస్కోండి... క్లాసు క్లాసంతా నాన్న చుట్టూ! సన్న ఉలి ఎక్కడ పనిచేసిందో, లావు ఉలి ఎక్కడ ఆగిందో చూపిస్తూ పోయాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

పిల్లల్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మా నాన్న," అన్నాను పక్కపిల్లతో. "ఆఫీసరు కాదు. రోళ్ళకు కక్కు కొడతాడు."

ఎంత గట్టిగా చెప్పానో ఏమో... నాన్న మాట ఆపి నా వైపు చూశాడు. ఆ క్షణం నాకున్నంత గర్వం ఆ గదిలో ఇంకెవరికీ లేదు.

ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంట్ నిండా మెషిను కోసిన గ్రానైటే. తాత ఏం చేసేవాడని పిల్లలు అడిగితే... ముందు రోలంటే ఏమిటో చెప్పాల్సి వస్తోంది.

మీ అమ్మానాన్నల పనిని నలుగురిలో మొదటిసారి గట్టిగా చెప్పుకున్న రోజు మీకూ ఉండే ఉంటుంది... చెప్పండి, వినాలనుంది.