రాణి ఎడమ చెవి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సత్తయ్య పద్నాలుగేళ్లుగా ట్రాలీలు పోగుచేస్తున్నాడు. వాడుకున్నంతసేపు వాడుకుని వదిలేసి పోయేవాళ్ల గురించి ఆయనకు తెలిసినంతగా ఈ మండలంలో మరొకరికి తెలియదు. అయినా ఆ ముచ్చట సొంత ఇంటిదాకా వస్తుందని ఆయన అనుకోలేదు.

ఆయన పిల్లి పేరు రాణి. ఏడాదిలో నాలుగోసారి దాని ఎడమ చెవికి చీము పట్టింది. పశువుల దవాఖానలో డాక్టర్ ప్రేమలత లైటు వేసి చూసింది.

"మందు మధ్యల ఆపిండ్రా?"

"లేదు మేడం. పది దినాలూ ఏసిన. జూడుండ్రి," అంటూ సత్తయ్య గోళ్ల గీతలతో నిండిన రెండు చేతులనూ సాక్ష్యంగా సమర్పించాడు.

"అయితే నీళ్లు పోతున్నయి. చెవి తడిగ ఉంటే మళ్ల మళ్ల వస్తది. తానం చేపిస్తున్నరా?"

"పిల్లికా? నాకే తీరదు మేడం."

"గిట్లనే ఉంటే ఆ చెవి వినపడకుండ పోతది సత్తయ్యన్నా."

ఆ మాటతో ఆయనకు అన్నం సయించలేదు. గోదాముల లారీలు తిరిగే వీధి. హారన్ వినపడని పిల్లి ఎన్నాళ్లు బతుకుతుంది? శుక్రవారం సెలవు పెట్టి, ఏకసభ్య విచారణ సంఘంగా ఏర్పడి, రాణి వెనకాలే నడిచాడు.

అది మూడో ఇంటి గోడ దూకింది. గేటు సందులోంచి సత్తయ్య చూసిన దృశ్యం పగవాడికి కూడా వద్దు. పీట మీద రాణి బుద్ధిగా కూర్చుంది. ఆ ఇంటి సలేహా షాంపూ రుద్ది, మగ్గుతో దాని నెత్తిన నీళ్లు పోస్తోంది. రెండు చుక్కల మందుకే ఆయన చేతులు చీరేసిన ఆ జంతువు కళ్లు మూసుకుని గురగురలాడుతోంది.

"సలేహా ఆపా! అది మా రాణి!"

"రాణి ఎవరు భయ్యా? ఇది మా షెహజాదీ. రెండేండ్ల సంది ఈడనే తింటది. ప్రతి జుమ్మాకు తానం."

"రెండేండ్లా!"

"పొద్దుగాల ఖీమా, మాపటికి పాలు. నువ్వేం పెడ్తవ్?"

"పెరుగన్నం," అన్నాడు సత్తయ్య, ముద్దాయి గొంతుతో.

చెవి సంగతి వినేసరికి సలేహా చేతిలోని మగ్గు జారింది. "యా అల్లా! నా చేతులతోనేనా? ఇగ తానం బంద్. జర ఆ మందు ఇటియ్యి భయ్యా."

పది రోజులూ ఆమే వేసింది. ఒక్క గీత పడలేదు. చెవి శుభ్రంగా ఉందని డాక్టర్ చెప్పినా, సత్తయ్య స్వయంగా పరీక్షించదలిచాడు. గోడ అవతలి నుంచి మెల్లగా పిలిచాడు.

"రాణీ..."

ఎడమ చెవి ఠక్కున ఆయనవైపు తిరిగింది. బ్రహ్మాండంగా వినపడుతోంది.

చెవి ఒక్కటే తిరిగింది. పిల్లి తిరగలేదు.