మా సార్ ఫ్లెక్సులో మూడో కార్బన్

మా కెమిస్ట్రీ సార్ పోయారన్న కబురు నాకు ఫ్లెక్స్ ఆర్డరుగా వచ్చింది. హిందూపురంలో నాది చిన్న ఫ్లెక్స్ షాపు. పెనుకొండలో మేం ఇంటర్ చదివిన ప్రైవేటు కాలేజీ మేనేజరు వాట్సాప్‌లో డిజైన్ పంపాడు. కాలేజీ ఓనరు ఫొటో తలుపంత ఉంది. సార్ ఫొటో మూలన, స్టాంపు బిళ్లంత. "రెండు కార్బన్ల గ్రూపుకు రెండు రోజులు చెప్తే ర్యాంకులు యాడొస్తాయి?" అని సార్‌ను ఉద్యోగం మాన్పించింది ఈ ఓనరే. ఇప్పుడేమో "మా కాలేజీ వెలుగు" అట!

నిజమే, వినైల్ అనే ఆ ఒక్క గ్రూపుకే సార్ రెండు రోజులు చెప్పేవారు. ధర్మవరం నుంచి రైల్లో వచ్చి, రాగానే మమ్మల్ని వరండాలో ఇద్దరిద్దరిగా రెండు చేతులూ పట్టుకుని నిలబడమనేవారు. "ఇదప్పా డబుల్ బాండు. ఇప్పుడు ఒక చెయ్యి వదిలి పక్కోళ్ల చెయ్యి పట్టుకోండి." క్లాసంతా ఒకటే గొలుసు. వినైల్ అట్లాగే ప్లాస్టిక్ అవుతుంది. ఆ ప్లాస్టిక్ పూసిన ఫ్లెక్సే ఈరోజు నాకు అన్నం పెడుతోంది.

వినైల్‌కు రెండే కార్బన్లు. తొందరలో మూడు వేస్తే అది అల్లైల్, వెల్లుల్లి ఘాటులో ఉండేది. అలా వేసినవాళ్లను సార్ తిట్టేవారు కాదు. ముక్కు మూసుకునేవారు.

"ఏమప్పా, వెల్లుల్లి నమిలొచ్చినావా?"

వెంటనే క్లాసంతా ముక్కులు మూసుకునేది.

మేనేజరు పంపిన డిజైన్‌లో సార్ ఫొటో పక్కన అలంకారానికి ఒక ఫార్ములా ఉంది. కింద వినైల్ అని రాసి, పైన మూడు కార్బన్లు! ఫోన్ చేశాను.

"ఒక కార్బన్ ఎక్కువుండాదన్నా."

"అదెవురు చూస్తారప్పా! మా ఓనరు మొగం తెల్లగా రావల్ల, అది చూడు."

"మా సార్ ఉంటే చూసేటోరు. అది తీసేస్తేనే ఏస్తా. లేకుంటే యాడన్నా ఏపించుకో పో!"

ఇంకెక్కడో వేయించుకున్నారు. సంతాప సభలో వేదిక వెనక అదే ఫ్లెక్స్, అవే మూడు కార్బన్లు. ఓనరు మైకు పట్టుకుని, సార్ తనకు సొంత తమ్ముడితో సమానమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మరి ఎందుకు మాన్పించావని అడిగేద్దామని లేవబోయాను.

అంతలో ముందు వరసలో, చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఫ్లెక్స్ వంక చూసి, కొంగుతో ముక్కు మూసుకుంది. ఆమె పక్కనున్నవాడూ మూసుకున్నాడు. తర్వాత వెనక వరస, ఆ వెనక వరస. సార్ దగ్గర చదివిన ఒక్కరూ మిగల్లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు, ముక్కుల మీది చేతులు తియ్యలేదు. నేనూ మూసుకుని కూర్చున్నాను.

ఓనరు మాట ఆగిపోయింది. మైకు చేతిలో ఉందన్నది మరిచి మేనేజరు వైపు వంగాడు.

"ఏందబ్బా, ఏం వాసనొస్తాండాది?"

తర్వాత మెల్లగా తల వంచి, తన శాలువా వాసన చూసుకున్నాడు.