గడువున్న వీసా, సాక్ష్యం లేని ప్రేమ

ఆ రోజుల్లో, ఈ భూమ్మీద బేరమాడితే తగ్గనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. తిరువూరు మెయిన్ రోడ్డులో మాది స్టీలు సామాన్ల కొట్టు. అటు పక్క బట్టల కొట్టు మామయ్య, ఇటు పక్క ఫ్యాన్సీ కొట్టు పిన్ని. ఈ మధ్యలో పెరిగిన నాకు మాటల కంటే ముందు బేరమే వచ్చిందని మా అమ్మ అనేది (పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు). అలాంటిదాన్ని, ఆస్ట్రేలియాలో చదువు ముగించి ఉద్యోగం చేసుకుంటూ, వీసా మీదున్న ఆఖరి తేదీ దగ్గర బోల్తా పడ్డాను. మిగిలింది ఐదు వారాలు. నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న గంపలగూడెం అబ్బాయికి అక్కడే స్థిరపడే అనుమతి ఉంది. ఊరొచ్చి పెళ్ళి చేసుకుని, తిరిగి వెళ్ళి, ఆ తేదీ లోపల అతని భార్యగా దరఖాస్తు పెట్టాలి. తప్పితే ఉద్యోగాన్నీ అబ్బాయినీ అక్కడే వదిలేసి విమానం ఎక్కాలి.

"ఇంకో పదిహేను రోజులు చూడండి సార్, మీరు తలుచుకుంటే అవుద్ది," అన్నాను కాగితాలు చూసే ఏజెంటుతో. "అది నా చేతిలో లేదమ్మా," అన్నాడాయన. "పోనీ, వారం?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నావంక జాలిగా చూసి, అసలు బాంబు అప్పుడు వేశాడు. పెళ్ళి కాగితం ఒక్కటే చాలదట. మాది నిజమైన బంధమేనని, అది నిన్నా మొన్నా మొదలైంది కాదని ఆధారాలు చూపాలట. ఫోటోలు, మెసేజీలు, ఇంట్లోవాళ్ళ ఉత్తరాలు.

ఇక్కడే నా తెలివితేటలు నా పీకకి చుట్టుకున్నాయి. ఆస్ట్రేలియాలో మా వీధిలోనే విస్సన్నపేట నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడ కంట పడితే సాయంత్రానికల్లా తిరువూరులో అందరికీ తెలిసిపోతుందని, రెండేళ్ళుగా మేం కలిసి ఒక్క ఫోటో దిగలేదు. మెసేజీలు చదివిన వెంటనే చెరిపేసేదాన్ని. బజారుకెళితే నేను ముందు, మా ఆయన ఇరవై అడుగులు వెనక (ఆ ఎడం ఇప్పటికీ పాటిస్తానంటాడు, సంచి మోయాల్సొస్తే). ఇంత పకడ్బందీగా దాచానని లోలోపల మహా గర్వంగా ఉండేది. "రెండేళ్ళలో ఒక్క ఫోటో కూడా లేదా అమ్మా?" అని ఏజెంటు అడిగినప్పుడు ఆ గర్వం కాస్తా గాలి తీసిన టైరైంది.

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ అరగంట తిట్టింది. నాన్న ఫోన్ తీసుకుని, "టికెట్టు తీసుకున్నావా?" అని మాత్రం అడిగారు. మేమిద్దరం ఊరు చేరేసరికి మా ఇంట్లో పంతులుగారు పంచాంగం పట్టుకుని కూర్చున్నారు. "ఎల్లుండి నుంచి మూఢం అమ్మా. రెండు నెలలు ముహూర్తాల్లేవు," అన్నారు.

"మూఢంలోనే ఏదో ఒక మంచి గంట చూడండి పంతులుగారూ."

"మంచి గంట ఉంటే అది మూఢమెందుకవుద్దమ్మా?"

"పోనీ, అరగంట?"

"ఏవే, అది పంచాంగమా, వంకాయలా?" అని అమ్మ అరిచింది. ఆఖరికి మూఢానికి ముందు, మర్నాడు ఉదయమే ఒక ముహూర్తం దొరికింది. ఇరవై గంటల్లో పెళ్ళి. బట్టల కొట్టు మామయ్య నా మొహం మీద రెండు చీరలు విసిరి, "ఏదో ఒకటి కట్టుకో, ఈ ఒక్కసారికి బేరం ఆడకు," అన్నాడు. పెళ్ళయింది, ఆ వారంలోనే రిజిస్ట్రేషను కాగితం కూడా చేతికొచ్చింది.

ఇక ఉత్తరం. కొట్లో నాన్న ఎదురుగా కూర్చుని, "'వీళ్ళ సంగతి నాకు చాలాకాలంగా తెలుసు' అని రాయి నాన్నా," అన్నాను. (నేను చెప్పి మూడు వారాలే అయింది. కాస్త సాగదీద్దామని.)

"చాలాకాలం ఏంటి, సరిగ్గా రాస్తాను," అని, ఏడాదిన్నర కిందటి తేదీ ఒకటి వేశారు.

కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "అబద్ధం రాస్తే పట్టుకుంటారు నాన్నా! జన్మలో వీసా రాదు!"

"అబద్ధమని ఎవరన్నారు? ఆ రోజు సెలవుకొచ్చి రెండు క్యారేజీలు పట్టుకెళ్ళావు. రెండు గిన్నెలది నీకు. నాలుగు గిన్నెలది హాస్టల్లో స్నేహితురాలికన్నావు. ఏ ఆడపిల్ల తింటదే మధ్యాహ్నం నాలుగు గిన్నెలు? పేరు కొట్టమంటావా అంటే ఒకే అక్షరం చెప్పి, తల దించుకున్నావు. కొట్టాను. అడుగున తేదీ కూడా కొట్టాను. తేదీ లేకుండా మనం ఏ సామానూ ఇవ్వం కదా."

ఆస్ట్రేలియాలో ఉన్న మా ఆయన రూమ్మేటుకి ఫోన్ చేస్తే (నా క్యారేజీ కూడా వాళ్ళింట్లోనే ఉండిపోయింది), రెండు క్యారేజీల అడుగులూ ఫోటోలు తీసి పంపాడు. ఒకదాని మీద నా అక్షరం, రెండోదాని మీద ఆయన అక్షరం, రెంటి మీదా ఒకే తేదీ, నాన్న చేత్తో కొట్టిన గీతలు.

"తెలిసీ అడగలేదేం?" అన్నాను.

"అడిగితే బేరం మొదలెడతావు. నీ అంతట నువ్వొచ్చి చెప్తావని ఊరుకున్నాను," అన్నారు, మళ్ళీ రాతలో పడి. ఉత్తరం చివర ఇలా రాశారు: 'మా అమ్మాయి దేన్నీ చెప్పిన ధరకి ఒప్పుకోదు. ఈ అబ్బాయి విషయంలో మాత్రం ఏమీ తగ్గించమని అడగలేదు. అందువల్ల ఇది నిజమని నేను నమ్ముతున్నాను.'

గడువుకి మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాం. చాలా నెలల తర్వాత వీసా వచ్చింది. మమ్మల్ని నమ్మించింది పెళ్ళి కాగితమో, క్యారేజీలో, ఆ ఉత్తరమో నాకు తెలీదు. ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చిన ఆవిడ ఆ చివరి వాక్యానికి ఏం మాటలు వాడిందో ఇప్పటికీ చదవలేదు. మా నాన్న రాసిన తెలుగు కాగితం నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడూ తీసి చూసుకుని, లోకం కళ్ళు కప్పానని రెండేళ్ళు మురిసిపోయిన ఆ పిల్లని తలుచుకుని, కాస్త నవ్వుకుని, మళ్ళీ మడత పెట్టేస్తాను.