వెనకసీటు మేస్త్రి

మేస్త్రి కారు జబ్బుని చేత్తో పట్టడు, నడుముతో పడతాడు. వెనక సీట్లో మధ్యన కూర్చుని కళ్ళు మూసుకుంటే, నాలుగు గతుకులు దాటేలోపు ఏ చక్రం దగ్గర ఏది అరిగిందో చెప్పేస్తాడు. అందుకే వెనకసీటు మేస్త్రి అన్న పేరు పడింది. పేరు ముద్దుగానే ఉంది గాని దాని కింద దెబ్బ ఉంది. ఇరవై రెండో ఏట, బిగిస్తున్న స్ప్రింగు జారి ఎగిరొచ్చి ఎడమ కన్ను తీసుకుపోయింది. ఇక లైసెన్సు రాదన్నారు. ఈ ముప్ఫై ఆరేళ్ళలో ఊళ్ళోని వేగమైన కార్లన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. ఒక్కదాన్నీ షెడ్డు గేటు దాటి తోలలేదు.

ఈమధ్య పళ్ళ డాక్టరమ్మ తన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చింది.

"వెనక వేయడానికి స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ రెండు సెట్లు తెప్పించాను మేస్త్రి గారూ. నీలం ఒకటి, పసుపు ఒకటి. మలుపుల్లో వేగం తగ్గకూడదు. ఏది ఉంచాలో మీరే చెప్పాలి."

ఊరవతల వాడుకలో లేని విమానాల రన్‌వే ఉంది. చుట్టూ కంచె. కార్ల పిచ్చివాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని, డ్రమ్ములతో మలుపులు కట్టి చుట్లు కొడతారు. డాక్టరమ్మ అక్కడ తోలింది, మేస్త్రి వెనక కూర్చున్నాడు. నీలం సెట్టు గతుకుల్ని మెత్తగా మింగింది గాని, మలుపు తిరిగాక కారు వెనక భాగం అర క్షణం ఆలస్యంగా సర్దుకుంది. పసుపు సెట్టుకి వెన్ను అదిరిపోయింది గాని, మలుపులో చక్రాలు నేలని వదల్లేదు. పసుపే. మొదటిరోజే తేలిపోయింది.

"ఇంకోసారి చూడాలమ్మా," అన్నాడు మేస్త్రి. మర్నాడూ అదే మాట. అబద్ధం చేతకాని మనిషి, అంటున్నప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. కారు ఎత్తడం, విప్పడం, మళ్ళీ బిగించడం, ఇంత చాకిరీ ఆ వెనక సీటు కోసమే. ఆ ఇంజను గుర్రుమన్నప్పుడల్లా ఆయన ప్రాణం ముందు సీటుకి లాగేది.

మూడోరోజు మధ్యాహ్నం భార్య అన్నం వడ్డిస్తూ అడిగేసింది.

"కూరలో ఉప్పు తక్కువైతే మొదటి ముద్దకే తెలుస్తుంది మీకు. స్ప్రింగుకి మూడు రోజులెందుకండీ?"

సాయంత్రం రన్‌వే మీద కారు ఆగగానే మేస్త్రి నిజం కక్కేశాడు.

"పసుపువే ఉంచుకోండమ్మా. మొదటిరోజే తెలుసు. మళ్ళీ ఎక్కాలన్న ఆశతో నాన్చాను. తప్పే."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. దిగి వెనక తలుపు తీసి తాళం ఆయన చేతిలో పెట్టింది.

"ఇక్కడ లైసెన్సు అడిగేవాళ్ళు లేరు. ఈసారి వెనక నేను కూర్చుంటాను."

మొదటి చుట్టు ఎద్దుబండిలా నడిచింది. రెండో చుట్టులో కాలు దానంతటదే నొక్కింది. మలుపులో వెనక చక్రాలు నేలని పట్టుకుని తన మాట వింటున్నాయి. ఇన్నాళ్ళూ వీళ్ళందరికీ బాగు చేసి ఇచ్చింది ఇదా అనుకున్నాడు. ఉన్న కన్నూ లేని కన్నూ ఒకేలా తడిశాయి.

ఇంటికి వచ్చాక భార్య అడిగింది. "తీరిందా ముచ్చట?"

"ఇన్నాళ్ళూ తెలియక బతికిపోయానే," అన్నాడు.

ఆ పూట ఆవిడ కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. మేస్త్రి ఉప్పు అడగకుండానే పళ్ళెం ఖాళీ చేశాడు.