పేరు పావురానికి

పావురాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పాపం, దాని తప్పేమీ లేదు. నా మంటంతా దాని రక్తాన్ని సీసాలో పట్టుకొచ్చిన మనుషుల మీద.

విజయనగరంలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి ఒకరోజు పొద్దున్నే చీపురుపల్లి వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. పక్షవాతం. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. వేళకు తెచ్చారు కాబట్టి మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగాం. ఆ మందుతో ఒక చిక్కుంది. ఒంట్లో ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా రక్తం ఓ పట్టాన ఆగదు. తలలోనే కారితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అతని భార్యకు నోరు నొప్పెట్టేలా చెప్పాను. వేపపుల్లతో పళ్లు తోమొద్దు, గడ్డం గీయొద్దు, చెయ్యి పిసకొద్దు. అన్నిటికీ తల ఊపింది.

మధ్యాహ్నం బీపీ చూద్దామని వెళ్తే దుప్పటి నిండా రక్తం! నా పై ప్రాణాలు పైనే పోయాయి. సూది పెట్టిన చోటు బాగానే ఉంది. చిగుళ్లు, ముక్కు, మూత్రం సంచి, ఎక్కడా లేదు. కేకేస్తే డాక్టరు పరుగెత్తుకొచ్చారు. మేమిద్దరం ఆ మనిషిని పక్కకు తిప్పి వెతుకుతుంటే భార్య మూల నిలబడి కొంగు నములుతోంది. పక్కనే రోగి బావ, చేతులు వెనక్కి దాచుకుని.

"అది ఆడి రగతం కాదు సిస్టరమ్మా," అన్నాడు చివరికి. "పావురానిది. పచ్చవాతం వస్తే మావు ఇదే రాస్తాం. గట్టిగా మర్దనా సేస్తే నరం లెగుస్తాది."

నేనూ ఈ నేల మీద పుట్టినదాన్నే. "ఏటి సేసినారయ్యా మీరు? పొద్దున్న సెప్పింది గోడకా? మనిసిని సంపేద్దామనేటి?" అని వార్డు దద్దరిల్లేలా అరిచాను.

తుడిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. బావ పిసికిన చోట, మోచేతి పైన, చర్మం కింద రక్తం కారి నల్లగా ఉబ్బుతోంది. పావురం రక్తం కింద అది మాకు కనిపించనే లేదు. అరచేత్తో నొక్కిపట్టి కూర్చున్నాను. వాపు చుట్టూ పెన్నుతో గీత గీసి, అది దాటుతోందా అని మాటిమాటికీ చూశాను. తల నొప్పెడుతోందా, మగతగా ఉందా అని అడుగుతూనే ఉన్నాను. స్కాన్ తీస్తే తలలో రక్తం లేదు. సాయంత్రానికి వాపు గీత దగ్గరే ఆగింది. నా చెయ్యి తిమ్మిరెక్కిపోయింది.

ఇంటికి వెళ్లే రోజు అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. బావకి.

"నీ పావురమే నన్ను లేపినాది బావా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపే, ముందురోజు పక్షవాతంతో చేరిన పక్క మంచం ముసలాయన కూతురు లేచింది. "పావురాలు ఎక్కడ దొరుకుతాయి బాబూ?" అని అడిగింది.

నా ఎదురుగానే బావ ఆమెకు దారి చెప్పాడు.