పగవాడి పేరు పెట్టిన కుక్క

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మనుషులకే కాదు, కుక్కలకూ పార్టీ ఉండేది. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వైపు పోయే దోవలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఇంకో పార్టీ. రెండు వీధులకూ చెరొక పెద్దమనిషి. ఎవరి అంగట్లో ఉప్పు కొనాలి, ఎవరి పెళ్ళికి పోవాలి, ఎవరి శవం వెంట నడవాలి, అన్నీ దాన్నిబట్టే. ఎదుటి వీధిలో మంచినీళ్ళు అడిగి తాగడం కూడా తప్పే. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మా దొడ్డి ఊరి చివర, రెండు వీధులకూ చెందకుండా ఉండేది. ఇద్దరికీ తల ఊపి, ఇద్దరికీ దూరంగా ఉండి, ఎలాగో రోజులు నెట్టుకొచ్చేవాళ్ళం.

పై వీధి పెద్దమనిషి ఒక కుక్కను పెంచాడు. ఎర్రటిది, పొడుగు కాళ్ళది, నడుము సన్నం. దానికి ఆయన పెట్టిన పేరు కింద వీధి పెద్దమనిషి పేరు. పగవాణ్ణి అవమానించడానికి అదొక పద్ధతి. సాయంత్రం అరుగు మీద కూర్చుని పదిమంది వినేట్టు, ముందు ఒరేయ్ తగిలించి ఆ పేరు పిలిచేవాడు. అది తోక ఊపుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కింద వీధికి వినపడాలనే నవ్వేవాళ్ళు. ఆ పేరేమిటో నేనిక్కడ రాయను. ఆ పేరుగలాయన పిల్లలూ మనవళ్ళూ ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

ఒకసారి ఎన్నికల ముందు గొడవలు ముదిరాయి. జమ్మలమడుగు నుంచి తిరిగి వస్తున్న పై వీధి పెద్దమనిషిని వంక దగ్గర కాపుకాసి చంపేశారు. ఆయన దినాలు కూడా సరిగా జరగలేదు. ఇంటివాళ్ళు చేతికందిన సామాను లారీకి ఎత్తుకుని ప్రొద్దుటూరులో బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. మా బడిలో పోలీసులు పికెట్ పెట్టారు కాబట్టి మాకు చదువు లేదు. ఆ హడావుడిలో కుక్క సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తాళాలు పడ్డ ఆ ఇంటి పెరట్లో, గుంజకు కట్టేసినది కట్టేసినట్టే ఉండిపోయింది.

అది అరిచేది. ఊరంతా వినేది. పై వీధివాళ్ళు ఆ ఇంటి గడప తొక్కితే గొడవ తమ మీదికి వస్తుందని భయపడ్డారు. కింద వీధివాళ్ళు, అది చస్తే తమ నాయకుడికి తగిలిన మచ్చ కూడా దానితోపాటు పోతుందని ఊరుకున్నారు. మా నాయన గొర్రెల పాలు పితుకుతూ వినీవిననట్టు తల వంచుకునేవాడు. నేను చెవులు మూసుకునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం మా నాయన తల్లి, మా జేజి, ముంతలో నీళ్ళూ తట్టలో జొన్నసంగటీ తీసుకుని అందరూ చూస్తుండగానే వీధి నడుమ నడిచి వెళ్ళింది. పెరటి తడిక తీసి లోపలికి పోయి, కుక్కను విప్పుకుని తాడు పట్టుకుని ఇంటికి వచ్చింది. నిజానికి అదే ఆమెను ఈడ్చుకొచ్చింది.

మా నాయన ముఖం పాలిపోయింది. "అమ్మా, దీన్ని యాడికి తెస్తాండావు? రేపు మనల్ని ఏ పార్టీ అంటారో తెలుసునా?" అన్నాడు.

"దానికి ఆకలైతాంది. నాకు తెలిసింది అంతే," అని జేజి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

కడుపు నిండాక ఆ కుక్క చేసిన ఆగడం అంతా ఇంతా కాదు. సాయంత్రం అరుగు దగ్గర కాసేపు తప్ప, పుట్టినప్పటి నుంచి గుంజకు కట్టి పెంచిన ప్రాణి. విడిచిపెడితే ఏం చేయాలో దానికి తెలియలేదు. శనగ కోసేసిన చేలో గుండ్రంగా పరిగెత్తి పరిగెత్తి, నాలుక బయట వేసుకుని పడిపోయేది, లేచి మళ్ళీ పరిగెత్తేది. మా నాయన గొంగడి చింపింది. కోళ్ళను ఇంటికప్పు ఎక్కించింది. గొర్రెల మధ్యకు దూకి మందను నాలుగు దిక్కులకూ చెదరగొట్టింది. దానికి పిచ్చి పట్టిందని అందరూ అన్నారు. పిచ్చి కాదు, పని లేక అట్లా ఉందని జేజి అనేది. రోజూ తెల్లవారగానే దాన్ని మందతోపాటు తోలుకుపోయేది. ఆమె ఒకసారి నడిచిన దూరం అది పదిసార్లు తిరిగేది. ఇంటికి వచ్చేసరికి అలిసిపోయి, నా కాళ్ళకు వీపు ఆనించి నిద్రపోయేది. కొన్నాళ్ళకు తప్పిపోయిన గొర్రెపిల్లను మూతితో తోసుకుంటూ మందలోకి తేవడం నేర్చింది. అది నవ్వుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

కష్టం ఒక్కటే, పేరు. అది వేరే ఏ పేరుకూ పలకదు. ఎర్రోడా అన్నాం, బంగారీ అన్నాం, చెవి కూడా కదిలించలేదు. సంగటి ముద్ద చూపించి దా దా అంటే వచ్చేది గానీ, పరుగులో ఉన్నప్పుడు వెనక్కి రావాలంటే ఆ పేరు ఒక్కటే. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ నోట పలకకూడదని మా నాయన ఒట్టు పెట్టించాడు. అది కింద వీధి వైపు పరుగు పెట్టినప్పుడల్లా మేం నోళ్ళు మూసుకుని దాని వెంట పడేవాళ్ళం.

భయపడినంతా అయింది. కింద వీధి మనుషులు ఇద్దరు మా దొడ్డికి వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. ఆ కుక్క ఇక్కడ ఉన్నంతకాలం తమ అన్న పేరు గొర్రెల దొడ్లో పడి ఉన్నట్టేననీ, వచ్చే సంత రోజు లోపల మేమే ఏదో ఒకటి చేయాలనీ, తాము చేయాల్సి వస్తే కుక్కతో ఆగదనీ చెప్పి వెళ్ళిపోయారు. మా నాయన గొడ్డలి తీసుకుని లేచాడు. జేజి దొడ్డి వాకిలికి అడ్డంగా కూర్చుంది. తన చేతి కూడు తిన్నదాన్ని చంపనివ్వనని, దానికొక ఇల్లు చూస్తానని చెప్పి, పులివెందుల వైపు గుట్టల్లో గొర్రెలు మేపే తన తమ్ముడికి కబురు పంపింది. ఆయన కుక్కను తోడేళ్ళు చంపాయని మాకు తెలుసు.

ఆయన వచ్చి ఒక పూటంతా కుక్కను మంద వెంట తిప్పి చూశాడు. ముఖం వెలిగిపోయింది. పేరు విన్నాక మాత్రం తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "అక్కా, కుక్క శానా బాగుండాది. పేరే బాగలేదు. గుట్ట మీద గొంతెత్తి పిలవాల గదా. ఆ పేరు గల్ల ఆయప్ప వియ్యంకుడు మా పక్కూర్లోనే ఉండాడు. నన్ను బతకనిస్తారా?" అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. సంత గడువుకు ఇంక ఎక్కువ పొద్దు లేదు.

ఆ మరునాడు పొద్దున జేజి ఉతికిన చీర కట్టుకుంది. నన్ను ఒక చేత్తో, కుక్కను ఒక చేత్తో పట్టుకుని కింద వీధికి బయలుదేరింది. మగవాళ్ళు పోతే దానికొక అర్థం తీస్తారు, ముసలిదాన్నీ పిల్లనూ ఏం చేస్తారని మా నాయనకు చెప్పింది. నాకు ఎంత భయం వేసిందంటే, ఆ వీధిలో ఇళ్ళు ఎట్లా ఉన్నాయో ఈనాటికీ నాకు గుర్తు లేదు. జేజి అరచేతి తడి గుర్తుంది. ఆమెకూ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది.

కింద వీధి పెద్దమనిషి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. నేను విన్న మాటలను బట్టి ఆయన తాటిచెట్టంత ఉంటాడనుకున్నాను. మా నాయనంతే ఉన్నాడు, గడ్డం నెరిసింది. "అప్పా, నీ పేరు గల్లది ఒకటి మా ఇంట్లో ఉండాది. నువ్వే ఒకసారి చూడాలని తెచ్చినా. పులివెందుల పక్క మా తమ్ముడు తోలకపోతానంటాడు గానీ, నీ పేరు పెట్టి పిలిచేదానికి భయపడతాండాడు," అంది జేజి. మనుషులు లేచి నిలబడ్డారు. ఆయన చేత్తోనే వాళ్ళను కూర్చోబెట్టాడు.

"పేరు మార్చుకోపో పెద్దమ్మా," అన్నాడు.

"మార్చి చూసినాలే. మనుషులు పార్టీలే మార్తాండారు. ఇది పేరు కూడా మారనంటాది."

ఎవరూ నవ్వలేదు. జేజి గొంతు తగ్గించింది. "దీనికి తిట్టు తెలీదప్పా. ఆ పేరు పిలిస్తే కూడు పెడతారనే తెలుసు. ఈ ఊర్లో నీ పేరు వింటే అందరూ తలుపేసుకుంటారు. తోక ఊపుకుంటా వచ్చేది ఇదొక్కటే."

నేను జేజి చీర కుచ్చెళ్ళలో ముఖం దాచుకున్నాను. ఆమెను ఇప్పుడే చంపేస్తారనుకున్నాను. ఆయన, తాడు ఇప్పు, అన్నాడు. విప్పగానే అది తన అలవాటు ప్రకారం వాకిలంతా చుట్టబెట్టింది. ఆరబోసిన శనగలు చెదరగొట్టింది, మనుషుల కాళ్ళ కిందుగా దూరింది, రాతితొట్టిలో మూతి పెట్టి ఎదుటి పార్టీ నీళ్ళు గటగటా తాగింది. అప్పుడు ఆయన తన పేరు తానే పిలిచాడు. ఒరేయ్ అనలేదు. పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి పిలిచినంత మెల్లగా పిలిచాడు. అది పరుగులోనే వెనక్కి తిరిగి, నేరుగా వచ్చి, బురద కాళ్ళు రెండూ ఆయన తెల్లపంచె మీద పెట్టి నిలబడింది. ఆయన చెయ్యి పైకి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ చెయ్యి దాని తల మీద ఉంది.

"మా అమ్మ పోయినాక ఈ పేరు పెట్టి నన్నెవురూ పిల్చలేదు పెద్దమ్మా," అన్నాడు. "ఎదురుంగా అన్నా అంటారు. యెనక ఏమంటారో నాకు తెలుసు."

కాసేపు దాని చెవులు సవరిస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆ పేరుతోనే పోనీ. ఆడ మావాళ్ళకు నేను చెప్పి పంపిస్తా. నీ తమ్మున్ని గట్టిగానే పిల్చుకోమను."

ఆ సాయంత్రమే జేజి తమ్ముడు గొర్రెబొచ్చుతో పేనిన తాడు కట్టి కుక్కను తీసుకుపోయాడు. మా వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా, ఆయన్ను ఈడ్చుకుంటూ పోయింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అది మనల్ని మరిచిపోతేనే దానికి మంచిదని జేజి అంది గానీ, ఆమె కూడా ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇదంతా జరిగాక ఊరు మారిందని చెప్పడానికి లేదు. ఆయన మా జేజికి మంచి మాట చెప్పినంత మాత్రాన మంచివాడూ కాలేదు. వంక దగ్గర పడిన రక్తం ఆయన చేతికీ అంటుకునే ఉంటుంది. కొంతకాలానికి ఆయన్నూ చంపేశారు. పై వీధిలో టపాకాయలు కాల్చారు. కింద వీధి ఆడవాళ్ళ ఏడుపు మా దొడ్డిదాకా వినపడింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు, కొందరు భయంతో, కొందరు దుఃఖంతో.

ఆ మరుసటి ఏడు ఎండాకాలం జేజీ నేనూ పులివెందుల వైపు ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్ళాం. పొద్దు వాలుతుండగా ఆయన గుట్ట కింద నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఆ పేరు పిలిచాడు. భయం లేకుండా, ఎగతాళి లేకుండా, ఇంటికి రమ్మని పిలిచాడు. పైన బండల మధ్య నుంచి ఎర్రటి కుక్క మందను ముందు పెట్టుకుని దిగి వచ్చింది. చంపినవాళ్ళకూ చచ్చినవాళ్ళకూ దూరంగా, ఒక మనిషి పేరు అక్కడ అట్లా రోజూ వినపడుతోంది. జేజి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకప్పుడు సగమే అర్థమైంది.

ఇప్పుడు నాకు జేజి వయసు వచ్చింది. ఇంట్లో పిల్లలు ఎవరో ఒకరి పేరు ఎత్తి పళ్ళు కొరుకుతుంటారు, ఇవాళ ఒక నాయకుడు, రేపు ఒక దాయాది. ఒక్కోసారి నాకూ అట్లాంటి పేర్లు నోటిదాకా వస్తాయి. వచ్చిన ప్రతిసారీ, ఈ మనిషిని వాళ్ళమ్మ అన్నానికి ఏ గొంతుతో పిలిచి ఉంటుందో అనుకుంటాను. అట్లా అనుకున్నాక కోపం మిగిలినా, ఆ మనిషి చావాలని కోరుకోవడం మాత్రం ఇన్నేళ్ళలో నాకు చేతకాలేదు.