ఆఖరి స్టాపు పైనున్న గుడి

హిసమత్సు గెంపేయి ముప్పై ఒక్క ఏళ్లు ఒకే దారిలో బస్సు నడిపాడు. స్టేషను దగ్గర బయలుదేరి, వరిపొలాల మధ్యగా రెండు వంతెనలు దాటి, కొండ అడుగున ఆఖరి స్టాపులో ఆగేవాడు. అక్కడినుంచి గుడికి రెండు వందల అరవై మెట్లు. వేసవిలో జనం చెమటలు కక్కుకుంటూ ఎక్కిపోయేవాళ్లు. పొద్దున గలగలా మాట్లాడుతూ దిగినవాళ్లే మధ్యాహ్నం బస్సులో కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా కూర్చునేవాళ్లు. పైన ఏముందో అనుకునేవాడు గెంపేయి. బస్సు తిప్పుకోవడానికి ఎనిమిది నిమిషాలే టైము. సెలవు రోజున అటు వెళ్దామంటే మళ్లీ డ్యూటీకి పోతున్నట్టే ఉండేది.

అతను రిటైరైన ఏడాదే ఆ రూటూ రద్దయింది. మరుసటి జులైలో, అక్కడి వానాకాలం ముగిసి ఎండలు ముదిరాక, తన చిన్న ట్రక్కును ఆఖరి స్టాపు దగ్గర ఆపి, మెడకు తువ్వాలు చుట్టుకుని మెట్లెక్కాడు.

సగం దూరానికే ఎండ మాయమైంది. దేవదారు చెట్ల నీడ చల్లగా ఒంటికి తగిలింది. కీచురాళ్ల రొద చెవులు నింపేస్తోంది, అయినా అదేం చిత్రమో, మనసుకు మాత్రం చప్పుడే లేనట్టుంది. పైన చిన్న గుడి. ముంగిలంతా మెత్తగా కమ్ముకున్న పచ్చటి నాచు. వరండాలో ఓ ముసలి భిక్షుణి దోసకాయలు తరుగుతోంది. పేరు జకుహో. అక్కడ పూజారీ ఆవిడే, తోటమాలీ ఆవిడే.

"అరె, బస్సు డ్రైవరుగారు కదూ!" అందావిడ తలెత్తి. "ఇన్నేళ్లూ కిందే ఆగిపోయారు. ఇవాళ దారి తప్పారా ఏమిటి?"

"టైము దొరకలేదమ్మగారూ."

"ఇప్పుడు దొరికిందిగా, కూర్చోండి."

చల్లటి బార్లీ నీళ్లు తాగి, గెంపేయి రెండు గంటలు అక్కడే కూర్చుండిపోయాడు. ఒక్కసారీ గడియారం చూసుకోలేదు. లేచి వెళ్లబోతూ, ఈ వేసవిలో ఎంతమంది వచ్చారని అడిగాడు.

"మీతో కలిపి నలుగురు. తోయొనో గారు ఉత్తరం రాశారు. బస్సూ లేదు, మోకాళ్లూ లేవు, ఇక రాలేను అని."

తోయొనో అతనికి బాగా తెలుసు. ఎనభై ఏడేళ్ల మనిషి. ఏటా వేసవిలో, చనిపోయిన చెల్లెలి పేరున దీపం పెట్టడానికి రెండో వంతెన దగ్గర ఎక్కేది. తీసుకురావడానికి ట్రక్కు ఉంది. మెట్ల మాటేమిటి?

"వెనకవైపునుంచి దారేమైనా ఉందా అమ్మగారూ?"

"పూర్వం దుంగలు దించే బాట ఉండేది. ఇప్పుడది పాములకు తప్ప ఎవరికీ అక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే కొడవలి, రంపం పట్టుకుని దిగాడు గెంపేయి. తుప్పలు నరికాడు. అడ్డంగా పడ్డ చెట్లను కోసి పక్కకు దొర్లించాడు. వాన కోసుకుపోయిన చోట రాళ్లు పేర్చాడు. స్టీరింగు తప్ప మరోటి ఎరగని చేతులు బొబ్బలెక్కాయి. జకుహో రోజూ ఉప్పులో ఊరిన రేగుపండు పెట్టిన అన్నం ముద్దలు తెచ్చేది.

"ఇదంతా గుడి మీద భక్తా, బస్సు మీద బెంగా?" అని ఏడిపించేది.

"రూటు మధ్యలో దింపేస్తే ప్యాసింజర్లు ఊరుకుంటారా?" అనేవాడు.

పంతొమ్మిది రోజులకు ట్రక్కు పట్టేంత దారి తేలింది. ఆగస్టులో పెద్దల పండగకు ముందు తోయొనో ఇంటి ముందు హారను కొట్టాడు.

"ఏమయ్యా, ఏడాది లేటు!" అంది ఆవిడ, చెప్పులు వెతుక్కుంటూనే.

ట్రక్కు కుదుపులకు ఒక చేత్తో తలుపును, మరో చేత్తో టోపీని పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. గుడి వెనక దిగి, అతని భుజం పట్టుకుని లోపలికి నడిచింది. దీపం వెలిగించి, చెల్లెలి పేరున్న పలక ముందు చేతులు జోడించి, "ఈసారి డ్రైవర్ని కూడా తీసుకొచ్చానే" అంది. గెంపేయి మొహం తిప్పుకున్నాడు. జకుహో అది చూసి, కోసిన పుచ్చకాయ తెస్తానంటూ లోపలికి వెళ్లింది.

ఈ సంగతి పాత స్టాపులన్నిటికీ పాకిపోయింది. వేసవి ముగిసేలోగా మరో పదకొండు మందిని ఒక్కొక్కరిగా ఎక్కించుకొచ్చాడు. కొండ మీద గడ్డి ఊరుకోదు, వానలు తగ్గేసరికి నడుము ఎత్తు పెరిగిపోతుంది. అందుకే ఏటా జులైలో పంతొమ్మిది రోజులు గెంపేయిని ఇంకే పనికీ పిలవకూడదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.